ఫిషింగ్ కయాక్ గేర్ ట్రాక్: ఎంపిక, అమరిక

గేర్ ట్రాక్ అనేది చేపలు పట్టే కయాక్ అంచుల మీద బిగించే, పొడవునా గాడి ఉన్న పట్టీ. గాలపు కర్రను నిలబెట్టే రాడ్ హోల్డర్, నీటి అడుగును చూపే ఫిష్ ఫైండర్, కెమెరా, తెడ్డు కొక్కెం, దీపం, జెండా వంటి ఉపకరణాలను ఈ గాడిలోకి జొప్పించి, కావలసిన చోటికి జరిపి, నాబ్ తిప్పి బిగిస్తారు. పని అయ్యాక విప్పి సంచిలో వేసుకుంటారు. ఒక్కో ఉపకరణానికి ఒక్కో రంధ్రం పెట్టి పడవను జల్లెడ చేయకుండా, కొద్దిపాటి రంధ్రాలతోనే రకరకాల అమరికలకు వీలు కల్పించడం దీని ప్రయోజనం.

ట్రాక్ కొనేటప్పుడు చర్చంతా పట్టీ పొడవు, లోహం, కంపెనీ పేరు చుట్టూ తిరుగుతుంది. ట్రాక్ ఊడిన చోట చూస్తే మాత్రం సాధారణంగా పట్టీ చెక్కుచెదరదు. కింది స్క్రూలు పలుచని ప్లాస్టిక్‌ను చీల్చుకుని పైకి వచ్చి ఉంటాయి. అందువల్ల ఈ వ్యాసంలో పట్టీ కన్నా దాని కింది గోడకు, ఆ గోడను పట్టుకునే బిగింపుకు ఎక్కువ చోటు దక్కింది.

నిర్మాణం, పనిచేసే తీరు

ట్రాక్‌ను అడ్డంగా కోసి చూస్తే పైన ఇరుకైన చీలిక, కింద వెడల్పయిన గది కనిపిస్తాయి. టీ-బోల్టు తల కింది గదిలో ఉంటుంది, మరలున్న కడ్డీ చీలికలోంచి పైకి వస్తుంది. కడ్డీకి ఉపకరణపు పాదాన్ని తొడిగి, దాని మీద నాబ్ తిప్పుతారు. నాబ్ బిగిసే కొద్దీ బోల్టు తల గాడి పెదవులను కింది నుంచి, ఉపకరణపు పాదం పై నుంచి నొక్కుతాయి. ఈ నొక్కుడు వల్ల పుట్టే ఒరిపిడే వస్తువును కదలకుండా పట్టి ఉంచుతుంది.

దీని నుంచి ఒక ముఖ్యమైన తేడా వస్తుంది. పైకి లాగే బలాన్ని గాడి పెదవులు అడ్డుకుంటాయి. ట్రాక్ పొడవు వెంట లాగే బలాన్ని అడ్డుకునేది ఒరిపిడి ఒక్కటే. నాబ్ సడలినా, గాడిలో బురద పేరుకున్నా వస్తువు జారేది పొడవు దిశలోనే. పట్టీ కొసల్లో మూత గానీ ఆపు స్క్రూ గానీ లేకపోతే జారిన వస్తువు నేరుగా నీళ్లలో పడుతుంది.

పట్టీ అడుగున కొన్ని అంగుళాలకొకటి చొప్పున గరాటు నోరున్న రంధ్రాలు ఉంటాయి. స్క్రూ తల ఆ గరాటులో పూర్తిగా మునగాలి. ఏ కొంచెం పైకి లేచినా టీ-బోల్టు అక్కడ తట్టుకుని ఆగిపోతుంది. అందుకే ట్రాక్‌తో వచ్చిన స్క్రూలకు బదులు వేరేవి వాడదలచినప్పుడు తల కొలత, గరాటు కోణం ముందుగా సరిచూస్తారు.

చరిత్ర

కయాక్ మీద సరంజామాను అందుబాటులో పెట్టుకోవడం కయాక్ అంత పాత అవసరం. ఆర్కిటిక్ తీరపు ఇన్యూయిట్ వేటగాళ్లు చట్రం మీద తోలు కప్పిన తమ కయాక్‌ల పైభాగాన తోలు పట్టీలు అడ్డంగా బిగించి, హార్పూన్, ఈటె, తేలుడు సంచి వాటి కింద దోపుకునేవారు. తెలుగు తీరపు తెప్పకూ మేకు అవసరం ఉండేది కాదు. దుంగలను తాడుతోనే కట్టేవారు, దుంగలు ఒకదానిపై ఒకటి కదిలితే తాడూ వాటితో కదిలేది. చూడండి: తెప్ప.

నేటి ఫిషింగ్ కయాక్‌కు దారి తీసినవి రెండు పరిణామాలు. 1971లో అమెరికాలోని మాలిబూలో టిమ్ నీమియర్ లోపల కాక పైన కూర్చునే కయాక్‌కు రూపమిచ్చాడు. 1973లో హాలోఫార్మ్ సంస్థ తెచ్చిన రివర్ చేజర్‌తో, పాలిఇథిలీన్ పొడిని వేడి అచ్చులో తిప్పుతూ పడవను ఒకే ముక్కగా పోసే పద్ధతి కయాక్‌లకు వచ్చింది. పైన కూర్చునే పడవ చేపల వేటకు అనువుగా తేలింది. అయితే పలుచని, బోలు ప్లాస్టిక్ డొల్లకు వస్తువులను ఎలా తగిలించాలన్న చిక్కూ దానితోనే వచ్చింది.

మొదట్లో వేటగాళ్లు సీటు వెనక పాల డబ్బాల పెట్టె పెట్టుకుని, దానికి పీవీసీ గొట్టాలు కట్టి రాడ్ హోల్డర్లుగా వాడుకున్నారు. గోడలోకి దిగే హోల్డర్లకు పడవలో పెద్ద రంధ్రం కోయాల్సి వచ్చేది. చోటు నచ్చకపోతే ఆ రంధ్రాన్ని పూడ్చడం కష్టం. కెనడాలోని స్కాటీ, అమెరికాలోని రామ్ మౌంట్స్ వంటి సంస్థల పాదాలు నాలుగైదు స్క్రూలతో సరిపెట్టాయి, కానీ చోటు మార్చాలంటే మళ్లీ డ్రిల్ పట్టాల్సిందే. 2009లో వర్జీనియాలో లూథర్ సైఫర్స్ స్థాపించిన యాక్‌అటాక్ సంస్థ గేర్‌ట్రాక్ పేరుతో తెచ్చిన అల్యూమినియం పట్టీలు ఈ రంగంలో ఒక ప్రమాణంగా స్థిరపడ్డాయి. తర్వాత కయాక్ తయారీదారులే ఫ్యాక్టరీలో ట్రాక్‌లు బిగించి అమ్మసాగారు. విల్డర్‌నెస్ సిస్టమ్స్ స్లైడ్‌ట్రాక్స్, హోబీ సంస్థ హెచ్-రెయిల్ అలాంటివి.

టీ-గాడి ఆలోచన మాత్రం కయాక్‌లది కాదు, యంత్రశాలలది. మిల్లింగ్, ప్లేనింగ్ యంత్రాల బల్లల మీద ఈ గాడులే ఉంటాయి. పని ముక్క ఏ ఆకారంలో ఉన్నా క్లాంపును దాని దగ్గరికి జరిపి బిగిస్తారు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో సికింద్రాబాద్‌లో నెలకొల్పిన లాలాగూడ వర్క్‌షాపు వంటి చోట్ల పనిచేసిన ఫిట్టర్లకు, మెషినిస్టులకు గేర్ ట్రాక్ చేతికిస్తే దాని సూత్రం వివరించనక్కర్లేదు. విమానాల్లో సీట్లను నేలకు బిగించే పట్టాలు ఇదే కుటుంబానికి చెందినవి.

రకాలు

పైన అంటించినట్టు కూర్చునే పలుచని పట్టీ అన్నిటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్నది. 4 అంగుళాల ముక్క మొదలు 8, 12, 16, 24 అంగుళాలు, అంతకు మించిన పొడవుల్లో దొరుకుతుంది. మామూలు గాడిలోకి టీ-బోల్టును కొస నుంచే జొప్పించాలి. పై నుంచి దించే రకంలో గాడికి ఒకచోట వెడల్పయిన నోరు ఉంటుంది. వరసగా మూడు వస్తువులున్నప్పుడు మధ్యదాన్ని తీయాలంటే ఈ నోరు విలువ తెలుస్తుంది.

కొన్ని కయాక్‌ల అచ్చులోనే ట్రాక్ కోసం పల్లం వదిలి ఉంటుంది. అందులో కూర్చున్న పట్టీ తెడ్డుకు, మోకాలికి తగలదు. పల్లం ఉన్న చోట దాని కొలతకు సరిపోయే పట్టీనే వెతుక్కోవడం మంచిది. ఆ చోటును తయారీదారు గోడ మందం చూసుకునే ఎంచి ఉంటాడు. గాడి బదులు కోణాల కడ్డీ రూపంలో ఉండే రెయిలుకు వస్తువును క్లాంపుతో చుట్టి పట్టిస్తారు. దీనిలో వస్తువును పొడవునా జరపడంతో పాటు కడ్డీ చుట్టూ తిప్పుకోవచ్చు, కాకపోతే ఆ రెయిలుకు చేసిన క్లాంపులే దానికి పడతాయి.

పదార్థాలు రెండు. ఆనోడైజ్ చేసిన అల్యూమినియం గట్టిది, గాడి పెదవులు అరగవు. గాజు పీచు కలిపిన ప్లాస్టిక్ పట్టీ తేలిక, తుప్పు పట్టదు, కొద్దిగా వంగిన అంచుకు సర్దుకుంటుంది. అయితే నాబ్‌ను పదేపదే గట్టిగా బిగిస్తే దాని పెదవులు పైకి తెరుచుకుంటాయి. బరువైన రాడ్ హోల్డర్‌కు అల్యూమినియం, కెమెరాకో తెడ్డు కొక్కేనికో ప్లాస్టిక్ అన్నది ఆచరణలో నిలిచిన పంపకం.

మర కొలత కూడా రకాన్ని నిర్ణయిస్తుంది. దిగుమతి ట్రాక్‌ల టీ-బోల్టులు ఎక్కువగా పావు అంగుళం, అంగుళానికి 20 మరల కొలతవి. అంటే వ్యాసం 6.35 మి.మీ., మరల మధ్య దూరం 1.27 మి.మీ. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో సులువుగా దొరికే ఎమ్6 బోల్టు వ్యాసం 6 మి.మీ., మరల దూరం 1 మి.మీ. చూపుకు రెండూ ఒకటే. ఒకదాని నట్టు రెండోదానికి కొద్దిగా ఎక్కినట్టే ఎక్కి మరలను చెరిపేస్తుంది. ఒక పడవ మీద ఒకే కొలత ఉంచుకోవడం, మార్చాల్సి వస్తే నట్టును బోల్టును జతగా మార్చడం ఉత్తమం.

పడవ గోడ: పదార్థాన్ని బట్టి తేడాలు

చవక నుంచి మధ్య ధర దాకా ఉన్న ఫిషింగ్ కయాక్‌లలో అధిక భాగం అచ్చులో తిప్పి పోసిన పాలిఇథిలీన్‌వి. దీని గోడ కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, అదీ అంతటా ఒకేలా ఉండదు. మూలల దగ్గర ఒకలా, చదునుగా సాగిన చోట ఇంకోలా ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి వంగే చోటు ట్రాక్‌కు పనికిరాదు, లేదా లోపలి నుంచి ఆసరా పలక కోరుతుంది.

పాలిఇథిలీన్‌కు రెండు స్వభావాలున్నాయి. మొదటిది, దాని మీద జిగురు నిలవదు. సిలికాన్ గానీ మామూలు ఎపాక్సీ గానీ ఎండాక తొక్కలా ఊడి వస్తుంది. కాబట్టి ఇక్కడ సీలెంట్‌ను అంటించే పదార్థంగా కాక, స్క్రూ ఒత్తిడి కింద నలిగి సందు మూసే మెత్తగా మాత్రమే లెక్కించాలి. రెండోది, వేడికి అది విపరీతంగా సాగుతుంది. డిగ్రీ సెల్సియస్‌కు అల్యూమినియం మీటరుకు సుమారు 0.023 మి.మీ. పెరిగితే, పాలిఇథిలీన్ రకాన్ని బట్టి 0.1 నుంచి 0.2 మి.మీ. దాకా పెరుగుతుంది. మధ్యస్థంగా 0.15 అనుకుందాం. ఉదయం నీడలో బిగించిన 60 సెం.మీ. ట్రాక్ కింద పడవ గోడ మధ్యాహ్నపు ఎండలో 30 డిగ్రీలు వేడెక్కితే, ప్లాస్టిక్ 2.7 మి.మీ. సాగుతుంది, పట్టీ 0.4 మి.మీ. మాత్రమే. మిగిలిన 2 మి.మీ. పైచిలుకు తేడాను స్క్రూలు భరించాలి, లేదా గోడ ఉబ్బాలి. హైదరాబాద్ మే నెలలో నీడలోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఇది కాగితం మీది లెక్కగా మిగలదు. పొడవాటి ఒక్క పట్టీ బదులు రెండు పొట్టి పట్టీలు వేయడం, పొడవుదే కావాలంటే ఒక రంధ్రాన్ని బిగువుగా ఉంచి తక్కినవాటిని గోడలో అర మిల్లీమీటరో మిల్లీమీటరో పెద్దవి చేయడం దీనికి మార్గాలు.

ఏబీఎస్ పలకను వేడితో అచ్చుకు దించి చేసిన పడవలు, ఫైబర్‌గ్లాస్ పడవలు ఇంత సాగవు. కానీ వాటికి పగుళ్ల బెడద ఉంది. రంధ్రం అంచున వెంట్రుక వాసి చీలిక ఉంటే అది కంపనంతో పెరుగుతుంది. గాలి నింపే పడవలకు స్క్రూ అన్న మాటే లేదు. పీవీసీ పాదం ఉన్న మౌంటును పీవీసీ జిగురుతో అంటిస్తారు. అక్కడ జిగురే గట్టి బంధం.

భారం లెక్క

ట్రాక్ మీద పడే బరువు ఉపకరణపు బరువు కాదు. ఎత్తే అసలు సంగతి. పట్టీ నుంచి 30 సెం.మీ. ఎత్తున ఉన్న గాలపు కర్రను చేప 5 కిలోల బలంతో పక్కకు లాగిందనుకుందాం. పాదం దగ్గర 150 కిలో-సెంటీమీటర్ల తిరుగుడు బలం పుడుతుంది. పాదం వెడల్పు 6 సెం.మీ., బోల్టు మధ్యలో ఉంటే, పాదం తన అంచు మీద ఒరుగుతుంది. బోల్టుకు ఆ అంచుకు మధ్య దూరం 3 సెం.మీ. అంటే బోల్టును పైకి పీకే బలం 50 కిలోలు. చేప లాగింది 5 కిలోలే, కింది స్క్రూలకు అందింది పది రెట్లు. హోల్డర్ ఎత్తును సగానికి తగ్గిస్తే ఈ బలమూ సగమవుతుంది. కొనుగోలుదారులు పొడిగింపు కడ్డీలను మోజుగా తగిలించుకునే ముందు ఈ లెక్క చూసుకోవడం మేలు.

ఫిష్ ఫైండర్ సెన్సరును నీటిలో వేలాడదీసే చేతికి (కడ్డీకి) లెక్క వేరు. నీటి ఒరిపిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లు. మామూలు తెడ్డు వేగంలో అది స్వల్పమే. మునిగిన చెట్టు మొద్దుకు తగిలినప్పుడు మాత్రం చేయి గానీ ట్రాక్ గానీ విరగాలి. వెనక్కి మడిచే కీలు ఉన్న చేతులు ఇందుకే.

లంగరు తాడును గేర్ ట్రాక్‌కు కట్టకూడదు. పడవ నడుము దగ్గర పక్క నుంచి లాగే లంగరు ప్రవాహంలో పడవను తిరగేయగలదు. లంగరును ముక్కు వైపుకో తోక వైపుకో జరిపే కప్పీ తాడు వేరే ఏర్పాటు. ఎలక్ట్రిక్ మోటారుకూ ఈ పట్టీలు చాలవు.

స్థాన నిర్ణయం

కొత్త పడవ ఇంటికి రాగానే డ్రిల్ పట్టడం తొందరపాటు. కొన్నిసార్లు నీటి మీద తిరిగాక చేయి సహజంగా ఎక్కడికి పోతుందో, తెడ్డు ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత సీట్లో కూర్చుని, తెడ్డు ఆడిస్తూ, పట్టీని టేపుతో తాత్కాలికంగా అంటించి చూడాలి. మోకాళ్ల పక్కన ఫిష్ ఫైండర్‌కు, కెమెరాకు; సీటు వెనక, వాలుగా, రాడ్ హోల్డర్లకు అన్నది సాధారణ పంపకం. వెనకవి నడుము తిప్పితే అందాలి, పూర్తిగా వెనక్కి తిరిగితేనే అందేట్టు ఉండకూడదు. తిరిగినప్పుడే పడవ ఒరుగుతుంది.

చేపను బట్టి కూడా చోటు మారుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. నాచు, తామరాకుల మధ్య కప్ప ఆకారపు ఎరతో దాన్ని పట్టేటప్పుడు కర్ర చేతిలోనే ఉంటుంది. హోల్డర్ పని రెండో కర్రను మోయడమే. ట్రాక్ మీద భారం తక్కువ, పైకి పొడుచుకొచ్చే వస్తువులు తక్కువ ఉంటేనే విసురుకు సౌకర్యం. బొచ్చె, రోహు కోసం పిండి ఎర వేసి కాచుకునే వేటలో కర్ర హోల్డర్‌లోనే ఉండగా చేప లాగుతుంది. అక్కడ పై లెక్కలోని పది రెట్ల బలం నిజంగా పడుతుంది, ట్రాక్ కింద ఆసరా పలక తప్పనిసరి.

గోడ వెనక ఏముందో చూడకుండా గుర్తు పెట్టకూడదు. మూత తెరిచి లోపలికి చేయి పెట్టి తడిమితే చుక్కాని తీగ, ఫోమ్ దిమ్మ, నీరు కారే గొట్టం తగులుతాయి. నీటి గీతకు దిగువన రంధ్రం పెట్టరు. కారు పైన పడవను బోర్లా వేసి తీసుకెళ్లేవారు క్యారియర్ కడ్డీలు అంచును తాకే చోటును కూడా వదిలేయాలి. ఆ కడ్డీ సరిగ్గా ట్రాక్ మీద ఆనితే దారి పొడవునా కుదుపులన్నీ స్క్రూలకే.

బిగింపులు

లాలాగూడ వర్క్‌షాపులో పాతకాలపు రైలు పెట్టెలకు కొట్టిన ఎర్రగా కాలిన రివెట్‌కు రెండు వైపులా మనిషి కావాలి. ఒకరు సుత్తితో కొడితే ఒకరు అవతల రివెట్ తలకు దిమ్మె ఆనించి పట్టాలి. కయాక్‌లో చిక్కంతా అవతలి మనిషి లేకపోవడమే. బోలు డొల్లలో మూత ఉన్న మేర తప్ప లోపలికి చేయి పోదు. బిగింపు ఎంపిక ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: గోడ వెనక చేయి అందుతుందా?

అందితే బోల్టు, వెడల్పు వాషర్, నైలాక్ నట్టు. దీనికి మించినది లేదు. వాషర్ బదులు 5, 6 మి.మీ. మందపు ప్లాస్టిక్ కూరగాయల కోత పలకను పట్టీ పొడవున కోసి లోపల ఆసరాగా పెడితే, పైకి పీకే బలం నాలుగు చుక్కల మీద పడకుండా పలక మొత్తానికి పంచుకుంటుంది. ఆ పలకలు సాధారణంగా పాలిఇథిలీన్‌వే కాబట్టి వేడికి గోడతో కలిసి సాగుతాయి. అల్యూమినియం పలక కన్నా ఇక్కడ వంటింటి పలకే నయం.

చేయి అందని చోట ప్రధానంగా మూడు మార్గాలు. మూడు కాళ్ల బ్లైండ్ రివెట్‌ను బయటి నుంచే గన్‌తో లాగితే లోపలి కొస మూడు రెక్కలుగా విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. తలుపులకు, బోర్డులకు వాడే మామూలు పాప్ రివెట్ లోపల చిన్న గుండుగా ఉబ్బుతుంది. మెత్తని ప్లాస్టిక్‌లోంచి అది జారి వచ్చేస్తుంది. రెండూ ఒకే గన్‌తో పడతాయి కాబట్టి పొరపాటు జరగడం తేలిక. 4.8 మి.మీ. రివెట్‌కు 5 మి.మీ. రంధ్రం సరిపోతుంది. రెండో మార్గం వెల్ నట్. రబ్బరు గొట్టంలో ఇత్తడి నట్టు ఉంటుంది. స్క్రూ బిగిస్తే రబ్బరు లోపల ఉబ్బి తనే సీలు అవుతుంది. కంపనాన్ని తట్టుకుంటుంది, విప్పి మళ్లీ బిగించవచ్చు. కాకపోతే దానికి కొలతను బట్టి 10 నుంచి 13 మి.మీ. రంధ్రం కావాలి, రబ్బరు ఏళ్ల తరబడి ఎండలో బిరుసెక్కుతుంది. మూడోది సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ. కొన్ని ట్రాక్‌ల ప్యాకెట్లలో ఇవే వస్తాయి. కెమెరాకు చాలు. రాడ్ హోల్డర్‌కు చాలవు: గోడలో దాన్ని పట్టి ఉంచేవి రెండు మూడు మరలే.

కొన్ని పడవల్లో అచ్చుతోపాటే ఇత్తడి నట్లు పోసి ఉంటాయి. అవి ఉన్న చోట వేరే ఆలోచన అక్కర్లేదు.

లోహం విషయంలో మంచినీటికి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు చాలు, ఉప్పునీటికి 316 కావాలి. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టును వేగంగా బిగిస్తే మరలు వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చేత్తో, నెమ్మదిగా, కొంచెం గ్రీజు రాసి తిప్పడమే మందు. ఉప్పునీటిలో అల్యూమినియం పట్టీని స్టీలు స్క్రూ తాకే చోట అల్యూమినియం తెల్లటి పొడిగా తినబడుతుంది. మధ్యలో ఆ పని కోసమే అమ్మే పేస్టు గానీ, కనీసం సీలెంట్ పొర గానీ ఉండాలి.

అమర్చే విధానం

కావలసినవి డ్రిల్, పదునైన బిట్లు, మాస్కింగ్ టేపు, పెన్సిల్, సీలెంట్, ఎంచుకున్న బిగింపులు. ముందు పట్టీని నిర్ణయించిన చోట పెట్టి కింద ఖాళీ ఉందేమో చూడాలి. అంచు వంగి ఉండి పట్టీ మధ్యలో గాలిలో తేలుతుంటే, స్క్రూలతో లాగి కూర్చోబెట్టకూడదు. పట్టీ వంగుతుంది, గాడి బిగుసుకుంటుంది, టీ-బోల్టు జరగదు. ఖాళీలో రబ్బరు పలకో ప్లాస్టిక్ తుంటో పెట్టి సమం చేయాలి, లేదా పొట్టి పట్టీ ఎంచుకోవాలి.

గోడకు టేపు వేసి ఒక కొస రంధ్రాన్ని మాత్రమే గుర్తు పెట్టి తొలుస్తారు. అందులో స్క్రూను వదులుగా దించి, పట్టీని సరిచేసి, రెండో కొసను తొలుస్తారు. రెండు కొసలూ పట్టుకున్నాక మధ్య రంధ్రాలు. అన్నిటినీ ఒకేసారి గుర్తు పెట్టి తొలిస్తే ఒక మిల్లీమీటరు తేడాతో చివరిది కలవదు. బిట్ ఎంత లోతు దిగాలో దాని మీద టేపు చుట్టుకుంటే గోడ దాటిన వెంటనే ఆపవచ్చు. పాలిఇథిలీన్‌లో తీగల్లా వచ్చే తుక్కును కత్తితో గీసి తీసేయాలి, లోపల పడినదాన్ని కూడా ఏరాలి. నీరు తోడే పంపులో అదే అడ్డు పడుతుంది. ఏబీఎస్, ఫైబర్‌గ్లాస్‌లకు సన్న బిట్‌తో మొదలుపెట్టి, తక్కువ వేగంలో రంధ్రాన్ని పెంచుతారు.

ప్రతి రంధ్రం చుట్టూ సీలెంట్ వలయం, లేదా బ్యూటైల్ టేపు ముక్క. పులిసిన వాసన వచ్చే సిలికాన్ ఎండేటప్పుడు ఆమ్లం వదులుతుంది, లోహాన్ని తింటుంది; దాన్ని వాడరు. స్క్రూలను మధ్య నుంచి కొసల వైపు, కొద్దికొద్దిగా బిగించాలి. తల కూర్చున్నాక పావు చుట్టు చాలు. పవర్ డ్రైవర్‌తో ఆఖరి బిగువు ఇస్తే ప్లాస్టిక్ నలిగి కొన్ని వారాల్లో తనంతట తాను సడలుతుంది. సీలెంట్ ఆరిన మర్నాడు మూత వేసి, నీరు తీసే బిరడా రంధ్రంలోంచి నోటితో మెల్లగా ఊది, స్క్రూల మీద సబ్బు నీరు రాస్తే బుడగలు లీకును పట్టిస్తాయి. కంప్రెసర్ వాడితే పడవ అతుకులకే ముప్పు.

సికింద్రాబాద్ పరిసరాలు, తెలుగు జలాలు

లాలాగూడకు నడిచే దూరంలో ఫిషింగ్ కయాక్ దించే చెరువు లేదు. సఫిల్‌గూడ, రామకృష్ణాపురం చెరువులు చుట్టూ నగరం పెరిగినవి. హుస్సేన్ సాగర్ తెరచాప పడవల పోటీలకు పేరున్నది. కయాకింగ్‌కు దుర్గం చెరువు, వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయం పేరు పొందాయి. కాబట్టి ఇక్కడి పడవ ఎక్కువ కాలం నీటి మీద కాక మేడ మీదో పార్కింగ్‌లోనో, కారు పైనో గడుపుతుంది. ఎండకు సాగడం, రవాణా కుదుపులు అన్న రెండు సమస్యలూ ఇక్కడి యజమానికి ఉప్పు తుప్పు కన్నా పెద్దవి. స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాక్ నట్లు, వాషర్లు సికింద్రాబాద్ రాణీగంజ్ మార్కెట్లో దొరుకుతాయి, ఎక్కువగా మెట్రిక్ కొలతల్లో. యంత్రాల చట్రాలకు వాడే టీ-గాడి అల్యూమినియం సెక్షన్‌ను కోసి ట్రాక్‌గా వాడుకోవడం సాధ్యమే. దాని గాడి కొలత కయాక్ ఉపకరణాలకు సరిపోదు, టీ-నట్టును దానికి తగినది తీసుకోవాలి. ఎత్తు కూడా ఎక్కువే.

చెరువుల్లో చేపల హక్కులు మత్స్యకార సహకార సంఘాలవి, జలాశయాల్లో మత్స్యశాఖ లైసెన్సులు నడుస్తాయి. సరదా వేటైనా అనుమతి అడగాలి. మంజీరలో అభయారణ్య నిబంధనలు వర్తిస్తాయి, అక్కడ మొసళ్లున్నాయి. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటపై నిషేధం ఉంటుంది. మోటారు తగిలించిన కయాక్ ఉన్నవారు బయలుదేరే ముందు మత్స్యశాఖను సంప్రదించాలి. తీరంలో ట్రాక్‌కు 316 స్టీలు, వేట తర్వాత మంచినీటి కడుగుడు రెండూ తప్పవు. చూడండి: పుట్టి; కొర్రమీను.

నిర్వహణ, తొలగింపు

గాడిలో చేరే ఇసుక, ఎర పిండి ఎండి గట్టిపడతాయి. పాత టూత్‌బ్రష్, నీళ్లు చాలు. గ్రీజు పూస్తే ఒరిపిడి తగ్గి వస్తువు జారుతుంది. వేసవి గడిచాక ప్రతి స్క్రూనూ ఒకసారి చేత్తో పరీక్షించాలి. పట్టీ పక్కన గోడ ఉబ్బినా, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగినా అది బిగించి సరిపెట్టే లోపం కాదు. లోపల ఆసరా పలక వేయాలి, లేదా చోటు మార్చాలి.

ట్రాక్ తీసేశాక మిగిలే రంధ్రాలను సీలెంట్‌తో నింపి వదిలేయడం చాలదు, పాలిఇథిలీన్‌ను అది పట్టుకోదు. బ్లైండ్ రివెట్‌ను రబ్బరు వాషర్‌తో వేసి మూయవచ్చు. శాశ్వతంగా కావాలంటే అదే రకం పాలిఇథిలీన్ కడ్డీతో ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్‌కు ముందు పాత సీలెంట్ ఆనవాలు లేకుండా గీకాలి, ముఖ్యంగా సిలికాన్. దాని పొర మిగిలితే వెల్డు కూడా నిలవదు.